ముగింపు లేని సాక్ష్యం

లోకం మదర్ థెరిసా ముఖంలో వెలుగు చూసింది. ఆమె మాత్రం దాదాపు యాభై ఏళ్లు లోపల చీకటినే చూశారు. అయినా పని మానలేదు, ప్రార్థన మానలేదు. ఆత్మీయ పోరాటంలో గెలుపంటే ఏమిటో ఆ చీకటి దగ్గరే అడగాలి.

శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్లే వారందరికీ ఇది తెలిసిన దృశ్యమే. పాటలయ్యాక పాస్టరుగారు ‘సాక్ష్యాలు చెప్పేవాళ్లుంటే లేవండి’ అంటారు. ఒకావిడ కొంగు తలమీదికి లాక్కుని లేచి ‘అందరికీ వందనాలండీ’ అని మొదలుపెడుతుంది. పిల్లాడి జబ్బో, భర్త తాగుడో, తీరని అప్పో... కథ ఏదైనా తేలేది ఒకచోటే. మొరపెట్టుకున్నాను, ప్రభువు విడిపించాడు. అందరూ హల్లెలూయ అంటారు.

వెనక చాపమీద ఇంకొకావిడ కూర్చుని ఉంటుంది. ఆమె కూడా అంతే మొరపెట్టుకుంది. జవాబు రాలేదు. ఆమె లేవదు. లేచి ఏం చెబుతుంది?

ఆ చాపమీదే, ఆమె పక్కనే, మదర్ థెరిసా కూడా కూర్చుని ఉన్నారని 2007 దాకా చాలామందికి తెలియదు. ఆ ఏడాది, ఆమె చనిపోయిన పదేళ్లకు, ఆమె ఆంతరంగిక ఉత్తరాలు ‘కమ్ బి మై లైట్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. ఆమెను పునీతురాలిగా ప్రకటించే ప్రక్రియను నడిపించిన ఫాదర్ బ్రయన్ కొలోడైచుక్ వాటిని కూర్చారు. ఆ కాగితాలు మిగల్చవద్దని ఆమే గురువులను బతిమాలుకున్నారు. అవి చదివితే జనం ఏసును వదిలి తన గురించి ఆలోచిస్తారని ఆమె భయం.

పిలిచిన గొంతు

స్కోప్యే పట్టణంలో 1910లో పుట్టిన అల్బేనియా కుటుంబపు పిల్ల ఆమె. పద్దెనిమిదేళ్లకు ఇల్లు వదిలి లొరెటో మఠంలో చేరారు. 1929 జనవరిలో కలకత్తాలో అడుగుపెట్టారు. ఎంటాలీలోని సెయింట్ మేరీస్ బడిలో భూగోళం, చరిత్ర చెప్పారు. 1942లో ఎవరికీ తెలియకుండా ఒక మొక్కుబడి చేసుకున్నారు: దేవుడు ఏమడిగినా కాదనను.

దేవుడు అడగనే అడిగాడు. 1946 సెప్టెంబరు 10న ఏకాంత ధ్యానం కోసం డార్జిలింగ్ వెళ్తుంటే, రైల్లో పిలుపు అందింది. మఠం విడిచి నిరుపేదల మధ్యకు వెళ్లమని. తర్వాతి నెలల్లో ఏసు గొంతు తనతో మాట్లాడిందని ఆమె రాసుకున్నారు. అప్పుడు ప్రార్థన తేనెలా ఉండేది. పెద్దల అనుమతికి రెండేళ్లు పట్టింది. 1948 ఆగస్టులో నీలి అంచు తెల్లచీర కట్టుకుని మఠం గడప దాటారు. పట్నాలో కొద్దికాలం వైద్యసేవ నేర్చుకున్నారు. డిసెంబరులో మోతీఝీల్ బస్తీకి వెళ్లారు. బల్లల్లేవు, పలకల్లేవు. పుల్లతో నేలమీద అక్షరాలు గీసి బడి మొదలుపెట్టారు.

పని మొదలైంది. గొంతు ఆగిపోయింది.

నెలరోజుల వెలుగు

1953లో కలకత్తా అగ్రపీఠాధిపతి ఫెర్డినాండ్ పెరియర్‌కు ఆమె విషయం విప్పి చెప్పారు. సేవ మొదలైన నాటినుంచీ లోపలంతా చీకటేనని, తన కోసం ప్రార్థించమని రాశారు. ఆ ముందు ఏడాదే కాళీఘాట్‌లో నిర్మల్ హృదయ్ తెరిచారు. రోడ్డుపక్క చావబోతున్నవారిని తెచ్చి, పుండ్లు కడిగి, ‘నీకు మేమున్నాం’ అని చెప్పే ఇల్లది. అదే చెప్పేవాళ్లు తనకు మాత్రం లేరనిపించేది. ప్రార్థనలో కూర్చుంటే మాటలు ఖాళీగా మోగేవి. దేవుడికి తాను అక్కర్లేదేమోనన్న భయం పట్టుకునేది. దీన్నంతా చిరునవ్వు కింద దాచేశారు.

1958 అక్టోబరులో పోపు 12వ పయస్ చనిపోయారు. ఆయన ఆత్మశాంతికి జరిగిన దివ్యబలిపూజలో, తన పని దేవుడికి ఇష్టమేనా, ఒక గుర్తు చూపించమని మదర్ అడిగారు. చీకటి అప్పటికప్పుడు విడిపోయింది. ఆ వారం సాక్ష్యం చెప్పమని ఎవరైనా అడిగి ఉంటే అందరూ హల్లెలూయ అనేవారే. కానీ సుమారు నెలకే చీకటి మళ్లీ వచ్చి కూర్చుంది.

లోటు కూడా గుర్తే

అప్పుడామె చేసింది చాలా మామూలు సంగతి. మునుపటిలాగే తెల్లవారకముందే లేచారు. దివ్యసత్ప్రసాదం అందుకున్నారు. పాపసంకీర్తనం చేశారు. బస్తీకి వెళ్లారు. రాత్రి ఉత్తరాలకు జవాబులు రాశారు. మనసు సహకరించినా సహకరించకపోయినా కాళ్లు వెళ్లాల్సిన చోటికి వెళ్లాయి. బైబిల్లోని ఓర్పు అనే మాటకు ఇంతకన్నా పెద్ద అర్థం వెతకనక్కర్లేదు.

1961లో జోసెఫ్ నాయ్నర్ అనే ఆస్ట్రియా జెస్యూట్ గురువు ఆమె గోడు విన్నారు. తేలిక మాటలతో ఓదార్చలేదు. దీనికి మనుషుల దగ్గర మందు లేదు, కాబట్టి తప్పు నీదేనని కుమిలిపోవద్దన్నారు. ఏసు ఉన్నాడనడానికి మనసుకు తెలియడమొక్కటే రుజువు కాదని, ఆయన కోసం ఇంతగా తపించడమే ఆయన లోపల ఉన్నాడనడానికి గుర్తని చెప్పారు. ఈ లేమి ఆమె సేవలో భాగమేనన్నారు. దప్పిక లేనివాడు నీళ్లకోసం ఏడవడు కదా. ఆ రోజు తర్వాత చీకటి పోలేదు. దానితో ఆమె తగువు పోయింది. ఎవరికీ అక్కర్లేని మనుషుల ఒంటరితనం ఎలా ఉంటుందో ఆ చీకటే తనకు నేర్పుతోందని అర్థం చేసుకున్నారు.

ఈ దారిలో ఆమెకు ముందు నడిచినవారూ ఉన్నారు. ఆత్మ దాటవలసిన చీకటి రాత్రి గురించి రాసిన స్పెయిన్ పునీతుడు జాన్ ఆఫ్ ది క్రాస్‌ను 1577లో సొంత సభవారే టొలెడోలో ఖైదు చేశారు. మదర్ ఎవరి పేరు పెట్టుకున్నారో ఆ లిసియూ థెరిసా కూడా చివరి ఏడాదిన్నర పరలోకం ఉందో లేదోనన్న శోధనతోనే గడిపి, 1897లో ఇరవై నాలుగేళ్లకే కన్నుమూసింది.

ఇది అవిశ్వాసమా?

ఉత్తరాలు బయటికొచ్చినప్పుడు క్రిస్టఫర్ హిచెన్స్ లాంటి విమర్శకులు, మతం మనుషులు అల్లిందేనని ఆమెకూ తెలిసిపోయిందన్నారు. కొట్టిపారేయాల్సిన మాట కాదు. అయితే ఎవరి కోసమూ ఎదురుచూడని వాడికి మూసిన తలుపు నొప్పి పెట్టదు. ఆమె రాసినవన్నీ తలుపు దగ్గర నిలబడి రాసినవే.

ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. ప్రతి కుంగుబాటూ ఆత్మీయ పరీక్ష కాదు. నిద్రా తిండీ కరువై, బతుకు మీదే విరక్తి పుట్టినవారికి ‘ఇంకాస్త విశ్వసించు’ అని చెప్పడం క్రూరత్వం. వారి చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం కూడా ప్రార్థనే.

మదర్ 1997 సెప్టెంబరు 5న కన్నుమూసేనాటికి ఆమె స్థాపించిన సభలో దాదాపు 4,000 మంది మఠకన్యలు ఉన్నారు. 123 దేశాల్లో 610 ఇళ్లు ఉన్నాయి. 2016 సెప్టెంబరు 4న పోపు ఫ్రాన్సిస్ ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఈ లెక్కలన్నీ చదివి, చివరికి గెలిచింది కదా అనుకుంటాం. కానీ లోపలి చీకటి శాశ్వతంగా తొలగిందని ఆమె ఎక్కడా రాయలేదు. గెలుపు ఉంటే అది ప్రతి తెల్లవారుజామునా మంచం దిగడంలోనే ఉంది.

అందుకే మన కూడికల్లో ఇంకో రకం సాక్ష్యానికి కూడా చోటుండాలి. వెనక చాపమీది ఆవిడ లేవాలి. ‘అందరికీ వందనాలండీ. నాకింకా జవాబు రాలేదు. వచ్చే శుక్రవారం మళ్లీ వస్తాను’ అని కూర్చోవాలి. అప్పుడు కూడా మనం హల్లెలూయ అనగలగాలి.