కడలి నాచు - దాని నాణ్యము

తమిళనాడులోని రామనాథపురం తీరమున మత్స్యకార స్త్రీలు కప్పాఫైకస్ అను నాచు తునకలను వెదురు తెప్పల త్రాళ్ళకు కట్టి సముద్రములో పెంచుదురు. దానినుండి తీసెడు కారగీనన్ అను పదార్థము వేడినీట కరగి, చల్లారిన పిదప ముంజెవలె పేరుకొనును. ఐస్‌క్రీము, టూత్‌పేస్టు మున్నగువానిని చిక్కపరచుటకు దీనిని వాడుదురు.

పేరుకొను బలమే దీనికి విలువ. నాచు సుమారు 45 దినములు ఎదుగవలెను. ఇంటి అక్కఱ తొందరపెట్టగా లేతగా కోసినచో ఆ బలము తగ్గును. ఎండబెట్టునపుడు వానకు తడిసినను, ఇసుక కలిసినను నాణ్యము చెడును. కర్మాగారమున క్షారజలములో ఉడికించినచో నాచులోని గంధకాంశము కొంత తొలగి, బలము హెచ్చును. కాని చెడిన సరకును క్షారము బాగుచేయజాలదు. నాణ్యమునకు మూలము పెంచువారి ఓర్పు. తగిన ధర లభించిననే ఆ ఓర్పు నిలుచును.