పిచ్చర్ జాతకం చెప్పగలమా?

క్రికెట్‌లో బౌలర్ ఎలాగో, అమెరికావారి బేస్‌బాల్ ఆటలో పిచ్చర్ అలాగ. అక్కడ ఏటా పోటీలు మొదలయ్యే ముందు ఒక ప్రశ్న వినిపిస్తూ ఉంటుంది: "ఈ ఏడాది అందరికన్నా బాగా విసిరే పిచ్చర్ ఎవరు?" నిరుడు మొదట నిలిచినవాడి పేరు చెప్పెయ్యడం సులభం. కాని ఆ జోస్యం తరచూ తప్పుతుంది. ఎందుకో తెలుసుకొందాం.

ముందు ఒక చిన్న ప్రయోగం. మీ తరగతిలో 40 మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరూ ఒక నాణెం పదిసార్లు ఎగరవేసి, ఎన్నిసార్లు బొమ్మ పడిందో రాసుకోవాలి. ఎవరో ఒకరికి ఎనిమిదో తొమ్మిదో పడే అవకాశం చాలా ఎక్కువ. అతడు బొమ్మలు వేయడంలో నేర్పరి అందామా? మళ్ళీ ఎగరవేయమనండి. ఈసారి బహుశా అయిదుకు దగ్గరగానే పడతాయి! అదృష్టం వల్ల వచ్చిన ఆధిక్యం రెండోసారి నిలవదు. దీనినే గణాంక శాస్త్రంలో 'సగటు వైపు మరలడం' అంటారు. తల్లిదండ్రుల ఎత్తులనూ పిల్లల ఎత్తులనూ పోల్చి, 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ దీనిని వివరించాడు.

పిచ్చర్ ఫలితంలోనూ నేర్పు, అదృష్టం కలిసే ఉంటాయి. వాటిని విడదీయడం ఎలా? 2001లో వోరోస్ మెక్రాకెన్ అనే అమెరికన్ ఒక దారి చూపాడు. స్ట్రైకౌట్లు, వాక్‌లు, హోమ్ రన్‌లు – ఈ మూడింటిలో ఫీల్డర్ల ప్రమేయం దాదాపు లేదు. మైదానంలో పడిన బంతి హిట్ అవుతుందా, ఫీల్డర్ చేతికి చిక్కుతుందా అన్నది మాత్రం పిచ్చర్ అధీనంలో ఉండేది చాలా తక్కువ అన్నాడాయన. కొంత అధీనం ఉంటుందని తరువాతి పరిశీలనలు తేల్చినా, మూలసూత్రం నిలిచింది.

బోస్టన్ రెడ్ సాక్స్ జట్టుకు ఆడిన పేద్రో మార్టినెజ్‌ను చూడండి. 1999లో ఆయన 313 స్ట్రైకౌట్లు సాధించి, 9 హోమ్ రన్‌లు మాత్రమే ఇచ్చాడు. 2000లో స్ట్రైకౌట్లు 284కు తగ్గాయి, హోమ్ రన్‌లు 17కు పెరిగాయి. అయినా తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఆయన ఇచ్చిన పరుగుల సగటు 2.07 నుంచి 1.74కు తగ్గింది! కారణం? మైదానంలో పడిన బంతుల్లో 1999లో నూటికి ముప్పైకి పైగా హిట్లు కాగా, 2000లో పాతిక లోపే అయ్యాయి. ఒక్క ఏడాదిలో నేర్పు ఇంతగా మారుతుందా? అందులో అదృష్టం వాటా పెద్దదే.

అందుకే జోస్యం చెప్పేవారు ఒక్క ఏడాది లెక్కను నమ్మరు. గత మూడేళ్ళ లెక్కలు తీసుకొని, దగ్గరి ఏడాదికి ఎక్కువ విలువ ఇస్తారు. ఆ ఫలితాన్ని సగటు వైపు కొంత జరిపి, వయస్సును బట్టి సవరిస్తారు. అయినా గాయాన్ని ఎవరు పసిగట్టగలరు? 1974లో టామీ జాన్ మోచేతి స్నాయువు తెగింది. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ శస్త్రచికిత్స చేశాడు. జాన్ 1976లో తిరిగి వచ్చి, 1989 వరకు ఆడాడు! ఏ లెక్క ఇది ముందే చెప్పగలిగేది?

కనుక లెక్కలు "ఇతడే" అని చెప్పవు. "ఇతడికి అవకాశం ఎక్కువ" అని మాత్రమే చెబుతాయి. ఒక్క పరీక్ష మార్కులు చూసి మీ స్నేహితుణ్ణి మేధావి అనో, మొద్దు అనో అనబోయే ముందు ఆ నాణేన్ని ఒకసారి గుర్తు చేసుకోండి.