సర్వే రాళ్ల సంరక్షణము – దానికగు వ్యయము

పట్టా యెంత ముఖ్యమో, అందలి విస్తీర్ణము నేలమీద ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో తెలుపు రాయియు నంత ముఖ్యము. పటము కచేరీలో నుండును. రాయి పొలములో నుండును. అయినను నాగటికిగాని ట్రాక్టరుకుగాని తగిలి రాయి ఒరిగినప్పుడు, దానిని మరల నిలుపుటకగు ఖర్చు ఎవరిదో పెక్కుమంది రైతు లెరుగరు.

1923వ సంవత్సరపు సర్వే, సరిహద్దుల చట్టము 15వ సెక్షను ప్రకారము, తన కమతపు హద్దులమీదను లోపలను ఉన్న సర్వే గుర్తులను కాపాడి, బాగుచేసి, పోయినవానికి మారు వేయు బాధ్యత రిజిష్టరు హక్కుదారునిదే. అతడు చేయనిచో సర్కారు తన ఖర్చుతో చేయించి, ఆ సొమ్మును శిస్తు బకాయివలె రాబట్టుకొనవచ్చును. ఇరువురి గట్టున నున్న రాతికి ఇరువురును బాధ్యులు గనుక, ఒకరి కొరకు ఒకరు ఎదురుచూచుట లోకస్వభావము. రాయి మాత్రము ఎదురుచూడదు.

ఒక్క రాయి పోయినంతమాత్రమున హద్దు పోదు. క్షేత్రకొలతల పుస్తకములో, అనగా ఎఫ్.ఎం.బి.లో, ప్రతి సర్వే నంబరునకు రాతినుండి రాతికి గల దూరము లింకులలో వ్రాసియుండును. నూరు లింకులు ఒక గొలుసు. అది 66 అడుగులు. చుట్టునున్న రాళ్లు స్థిరముగ నున్నచో, వానినుండి గొలుసు పట్టి పోయినదాని చోటు కనుగొనవచ్చును. రెండు మూడు వరుసగా పోయినచో సర్వేయరు దూరపు రాళ్లనుండి, ఒక్కొక్కప్పుడు మూడు గ్రామములు కలియు పొలిమేర రాతినుండి, కొలుచుకొని రావలసివచ్చును. పని పెరిగినకొలది ఖర్చు పెరుగును. గొలుసు సాగినకొలది తప్పుకు తావుండును.

ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో ఆరంభమైన పునఃసర్వేలో, క్రొత్త రాళ్ల వ్యయమును రైతులపై వేయక ప్రభుత్వమే భరించునట్లు ఏర్పాటు చేసిరి. ఇది మెచ్చదగిన మార్పు. కాని రాయి పాతుటకు ధన మిచ్చుట వేరు, పాతినదానిని ఏండ్ల తరబడి నిలుపుటకు ధన మిచ్చుట వేరు. రెండవదానికి అమెరికాలోని మిచిగన్ రాష్ట్రపు పద్ధతి చూడదగినది. అచ్చట 1815లో మొదలైన సర్వేలో గుర్తులు చాలవరకు కొయ్య గుంజలు, ప్రక్కన గురుతు చెక్కిన చెట్లు. కొయ్య చివికినది, చెట్లు నరకబడినవి. 1990లో ఆ రాష్ట్రము 345వ చట్టము చేసి, దస్తావేజులు నమోదు చేయునప్పుడు కొంత రుసుము వసూలు చేసి నిధిగా నుంచి, దానినుండి 83 కౌంటీలకు గ్రాంటు లిచ్చు పద్ధతి పెట్టెను. ప్రతి కౌంటీ తన పథకము తానే వ్రాసికొని, పాత మూలలను వెదకి తిరిగి స్థాపించవలెను. (ఆ గుర్తులను వారు 'మాన్యుమెంటు' లందురు. దానిని స్మారకచిహ్నమని తెనిగించినచో మన రైతు నవ్వును. హద్దురాయి యనుటయే మేలు.) భూమి కొనువాడును అమ్మువాడును హద్దువలన లాభపడుదురు గనుక, వారి దస్తావేజుపై కొద్ది రుసుము న్యాయముగనే తోచుచున్నది.

మనకట్టి నిత్యనిధి లేనంతకాలము జాగ్రత్త రైతుదే. రాతిచుట్టును ఒక మూర నేల దున్నక విడువవలెను. పొలము చదును చేయించునపుడు యంత్రము నడుపువానికి రాళ్లను ముందుగనే చూపవలెను. రాయిని పశువుల కట్టుగుంజగా వాడరాదు. ఒరిగినదానిని తోచినచోట తాముగా పాతుట అన్నిటికంటె చెడ్డది. తప్పుచోట నున్న రాయి లేని రాతికంటె హెచ్చు వ్యాజ్యములు తెచ్చును. ఉద్దేశపూర్వకముగ కదల్చుట నేరము: 1860 నాటి శిక్షాస్మృతి 434వ సెక్షనులోను, 2024 జూలైనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోను దానికి ఒక సంవత్సరమువరకు ఖైదు గలదు.

రాయి పోయినట్లు కనబడిన వెంటనే సర్వేయరునకు వ్రాతమూలముగ తెలిపి, ఆ కాగితపు నకలు దగ్గర నుంచుకొనవలెను. కొలత కోరునప్పుడు పట్టాదారు పాసుపుస్తకము, ఎఫ్.ఎం.బి. నకలు జతపరచి, ప్రక్క పొలముల వారికి నోటీసు అందినదా యని విచారించుకొనవలెను. కొలతనాడు వారును గట్టుమీద నుండుట మంచిది.