టెట్రాసైక్లిన్ ఔషధాలు: పనిచేసే తీరు, దేహంలో గమనం

1. ఉపోద్ఘాతం

యాంటిబయాటిక్ అంటే ‘సూక్ష్మజీవులను చంపే మందు’ అన్న వివరణ తెలుగు రచనల్లో తరచుగా కనిపిస్తుంది. పెన్సిలిన్ విషయంలో ఈ వివరణ సరిపోతుంది. టెట్రాసైక్లిన్ వర్గానికి మాత్రం సరిపోదు. ఈ వర్గపు మందులు వాడుకలోని మోతాదుల్లో బ్యాక్టీరియాను సాధారణంగా చంపవు, వాటి ఎదుగుదలను నిలిపివేస్తాయి. నిలిచిపోయిన బ్యాక్టీరియాను తుదముట్టించే పని రోగి శరీరంలోని రక్షణ కణాలది. మందును మధ్యలో మానివేస్తే నిలిచినవి మళ్ళీ ఎదగగలవు. కాబట్టి ‘నాశకం’, ‘నిరోధకం’ అన్న రెండు మాటల మధ్య ఉన్న తేడా పరిభాషకు మాత్రమే పరిమితమైనది కాదు.

2. పుట్టుక

ఈ వర్గంలో మొదటిది ఆరియోమైసిన్, అంటే క్లోర్‌టెట్రాసైక్లిన్. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్, విశ్వవిద్యాలయ ఉద్యోగ విరమణ తరువాత, అనేక ప్రాంతాల మట్టి నమూనాలను పరీక్షించారు. మిస్సోరి విశ్వవిద్యాలయపు శాన్‌బోర్న్ క్షేత్రం నుండి వచ్చిన మట్టిలో బంగారు వన్నె పదార్థాన్ని స్రవించే స్ట్రెప్టోమైసిస్ జాతి జీవి ఆయనకు దొరికింది. లాటిన్‌లో బంగారాన్ని సూచించే పదమే మందు పేరులో చేరింది. 1948లో ఈ మందు వివరాలు లోకానికి వెల్లడయ్యాయి. అదే సంవత్సరం ఆగస్టులో, లెడర్లీ పరిశోధన విభాగానికి డైరెక్టరుగా ఉన్న భీమవరం వాస్తవ్యులు యల్లాప్రగడ సుబ్బారావు కన్నుమూశారు. ఆరియోమైసిన్‌ను సుబ్బారావే కనుగొన్నారని కొన్ని తెలుగు రచనలు చెబుతాయి. ఆ జీవిని గుర్తించి వేరుచేసినది డగ్గర్. ఆ పరిశోధన సాగిన విభాగానికి సారథ్యం వహించినది సుబ్బారావు. ఈ భేదాన్ని పాటించడం వల్ల సుబ్బారావు కీర్తికి లోటేమీ రాదు.

1950లో టెర్రామైసిన్ వచ్చింది. ఆ తరువాత లాయిడ్ కోనోవర్ క్లోర్‌టెట్రాసైక్లిన్ నుండి క్లోరిన్‌ను తొలగించి టెట్రాసైక్లిన్‌ను తయారుచేశారు. ప్రకృతి ఇచ్చిన యాంటిబయాటిక్‌ను రసాయనికంగా మార్చి మెరుగైన మందు చేయవచ్చని దీనితో రుజువైంది. నేడు ఎక్కువగా వాడే డాక్సీసైక్లిన్ 1960వ దశకంలో ఈ మార్గంలోనే వచ్చింది. ‘టెట్రా’ అంటే నాలుగు. వరుసగా అతుక్కొని ఉన్న నాలుగు వలయాలు ఈ మందులన్నింటికీ మూలాకృతి.

3. బ్యాక్టీరియాలో జరిగేది

బ్యాక్టీరియా బ్రతకడానికి నిరంతరం ప్రోటీన్లు తయారుచేసుకోవాలి. ఆ పని రైబోజోముల్లో జరుగుతుంది. ఏ అమైనో ఆమ్లం తరువాత ఏది చేరాలో సందేశ ఆర్.ఎన్.ఎ. నిర్దేశిస్తుంది. దానికి తగిన అమైనో ఆమ్లాన్ని మోసుకొని వాహక ఆర్.ఎన్.ఎ. రైబోజోములోని ‘ఎ’ స్థానంలో దిగుతుంది. టెట్రాసైక్లిన్ రైబోజోము చిన్న భాగానికి, అంటే 30ఎస్ ఉపభాగానికి అతుక్కొని, వాహక ఆర్.ఎన్.ఎ. ఆ స్థానంలో కుదురుకోకుండా అడ్డుకుంటుంది. ప్రోటీన్ గొలుసు అక్కడితో ఆగుతుంది. ఈ బంధం శాశ్వతమైనది కాదు. మందు తొలగితే పని తిరిగి మొదలవుతుంది.

మనిషి కణాల్లోనూ రైబోజోములు ఉన్నాయి కదా, వాటికి హాని కలగదా? వాటి నిర్మాణం వేరు కనుక మందు వాటికి బలహీనంగానే అతుక్కుంటుంది. పైగా బ్యాక్టీరియా తన శక్తిని వెచ్చించి మరీ ఈ మందును లోపల పోగుచేసుకుంటుంది. మానవ కణాలు ఆ విధంగా పోగుచేసుకోవు.

4. దేహంలో గమనం

మందుకు పథ్యం ఉంటుందన్న భావన తెలుగువారికి కొత్త కాదు. టెట్రాసైక్లిన్ విషయంలో ఆ పథ్యానికి స్పష్టమైన రసాయన కారణం ఉంది. ఈ అణువు కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, ఇనుము వంటి లోహ అయాన్లను గట్టిగా పట్టుకుంటుంది. పాలతోనో పెరుగుతోనో మింగితే కడుపులోనే కాల్షియంతో ముడిపడి, పేగులు పీల్చుకోలేని సమ్మేళనంగా మారుతుంది. కడుపుమంట తగ్గించే యాంటాసిడ్లు, గర్భిణులకూ రక్తహీనులకూ ఇచ్చే ఇనుము బిళ్ళలు కూడా అదే పని చేస్తాయి. మాత్రకు తోడు గ్లాసుడు పాలు ఇవ్వడం ఆప్యాయతకు గుర్తే గాని, ఇక్కడ అది మందును వృథా చేస్తుంది. పరగడుపున తీసుకున్న టెట్రాసైక్లిన్‌లో సుమారు 60 నుండి 80 శాతం రక్తంలో చేరుతుంది. డాక్సీసైక్లిన్ దాదాపు పూర్తిగా చేరుతుంది, పాల ప్రభావం కూడా దానిపై తక్కువ. అయితే డాక్సీసైక్లిన్ మాత్ర అన్నవాహికలో అతుక్కుంటే పుండు పడుతుంది. అందుకే నిండు గ్లాసు నీటితో మింగాలనీ, వెంటనే పడుకోకూడదనీ వైద్యులు చెబుతారు.

కాల్షియంపై ఉన్న ఈ మక్కువ రక్తంలో చేరిన తరువాతా పోదు. ఎదుగుతున్న ఎముకల్లో, దంతాల్లో మందు నిలిచిపోతుంది. గర్భస్థ దశ చివరి నుండి ఎనిమిదేళ్ళ వయసు వరకు టెట్రాసైక్లిన్ వాడితే పళ్ళు శాశ్వతంగా పసుపు లేదా గోధుమ రంగుకు మారే ప్రమాదం ఉండడానికి కారణం ఇదే. ఎముకలో చేరిన మందు అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. ఈ లక్షణం పురావస్తు పరిశోధకులకు అనుకోని ఆధారమైంది. ప్రాచీన నూబియా ప్రజల ఎముకల్లో టెట్రాసైక్లిన్ మెరుపు కనిపించిందని 1980లో ప్రకటించారు. ధాన్యంతో కాచిన బీరు ద్వారా అది వారి శరీరాల్లో చేరి ఉంటుందని పరిశోధకుల అభిప్రాయం.

టెట్రాసైక్లిన్ ఎక్కువ భాగం మూత్రపిండాల ద్వారా మార్పు చెందకుండానే బయటకు పోతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో అది పేరుకుపోతుంది. డాక్సీసైక్లిన్ ప్రధానంగా పేగుల మార్గాన పోతుంది కనుక అటువంటివారికీ ఇవ్వగలుగుతున్నారు. రక్తంలో డాక్సీసైక్లిన్ సగానికి తగ్గడానికి సుమారు 18 గంటలు పడుతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ ఈ వ్యవధిని కుదిస్తాయి.

5. నిరోధకత, నేటి ప్రయోజనం

బ్యాక్టీరియా ప్రధానంగా రెండు ఉపాయాలతో ఈ మందును తప్పించుకుంటుంది. ఒకటి, లోపలికి వచ్చిన మందును పంపు ప్రోటీన్లతో బయటకు తోడివేయడం. రెండు, రైబోజోముకు అతుక్కున్న మందును ప్రత్యేక ప్రోటీన్ల సాయంతో ఊడదీయడం. ఈ జన్యువులు ఒక బ్యాక్టీరియా నుండి మరొకదానికి సులభంగా బదిలీ అవుతాయి. పశువుల, కోళ్ళ దాణాలో దశాబ్దాలపాటు ఈ మందులను కలపడం వాటి వ్యాప్తికి దోహదం చేసింది.

అయినా కొన్ని జబ్బుల్లో ఈ వర్గానికి సాటి లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపించే స్క్రబ్ టైఫస్ వాటిలో ఒకటి. నల్లి జాతికి చెందిన అతిచిన్న జీవి పిల్లదశ కుట్టడం వల్ల ఇది సోకుతుంది. కుట్టినచోట నల్లని పక్కు కట్టవచ్చు, అది చంకల్లోనో గజ్జల్లోనో ఉంటే కంటికి ఆనదు. వ్యాధికారక జీవి మనిషి కణాల లోపల నివసిస్తుంది కనుక పెన్సిలిన్ వర్గపు మందులు దానిపై పనిచేయవు. కణాల్లోకి చొచ్చుకుపోగల డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతినే జ్వరమిది. కాబట్టి అనుమానం బలంగా ఉన్నప్పుడు పరీక్షా ఫలితం కోసం ఆగకుండా వైద్యులు డాక్సీసైక్లిన్ మొదలుపెడతారు. అది కాల్షియంతో తక్కువగా ముడిపడుతుందనీ, కొద్ది రోజుల వాడకంతో పళ్ళు రంగు మారినట్లు ఆధారాలు లేవనీ తేలడంతో, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు సైతం ఈ జ్వరంలో ఇస్తున్నారు.