వార్తల్లో పదం: హత్య కాని నరహత్య

2024 డిసెంబరులో హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్ తొక్కిసలాట కేసులో పోలీసులు పెట్టిన సెక్షన్లలో 105 ఒకటి. భారతీయ న్యాయ సంహితలో అది ‘హత్య కిందకు రాని నరహత్య’. ప్రాణం పోయినంత మాత్రాన ప్రతిదీ హత్య కాదు. చేసినవాడి ఉద్దేశమేమిటి, ఏం జరుగుతుందో తెలిసే చేశాడా అన్నదే కీలకం.

ఈ గీత ఎంత సన్ననిదో అప్పటి గుంటూరు జిల్లా రొంపిచర్ల కేసు చెబుతుంది. 1968లో బస్సు దిగిన ఒక పెద్దాయనను వెంటాడి, చేతులు జోడించి వేడుకుంటున్నా వినకుండా, బరువైన కర్రలతో కాళ్లూ చేతులూ విరగ్గొట్టారు. ఒంటిపై 19 గాయాలు, మర్నాడు చనిపోయాడు. దెబ్బలు ఆయువుపట్టున పడలేదు కదా అని హైకోర్టు హత్యానేరాన్ని తగ్గించింది. సుప్రీంకోర్టు 1976లో ఆ తీర్పును తిరగేసింది: కావాలని చేసిన ఆ గాయాలు మామూలుగా ప్రాణం తీయడానికి చాలు, కాబట్టి హత్యే. సబబైన తీర్పే.

తీవ్రంగా రెచ్చగొడితే నిగ్రహం కోల్పోయి, ఆ క్షణంలోనే చంపితే నేరం 105 కిందకు దిగవచ్చు. పగబట్టి, అదను చూసి కొడితే దిగదు.

హత్యకు సెక్షన్ 103 కింద మరణశిక్ష లేదా యావజ్జీవం. 105లో ఉద్దేశం ఉంటే యావజ్జీవం లేదా 5 నుంచి 10 ఏళ్లు. ఉద్దేశం లేకుండా, ప్రాణం పోవచ్చని తెలిసి మాత్రమే చేస్తే గరిష్ఠంగా 10 ఏళ్లు.