ఏడు శనివారాల లెక్క

వాడపల్లి వెంకన్నకు మొక్కుకున్నవారు వరసగా ఏడు శనివారాలు వస్తారు. వచ్చినప్పుడల్లా ఏడు ప్రదక్షిణలు చేస్తారు. గోదావరి పాయ గౌతమి ఒడ్డున, కోనసీమలో ఆత్రేయపురం మండలంలోని ఈ ఊరికి ఆ ఒక్కరోజే వేలల్లో జనం. వారం మారదు, చోటు మారదు, ముఖాల్లోనూ చాలా పాతవే. అంటువ్యాధుల లెక్కలు కట్టేవారికి ఇంతకన్నా ఏం కావాలి? రాబోయే జబ్బును ముందే పసిగట్టడానికి ఆస్పత్రి చీటీలకన్నా ఇక్కడి మరుగుదొడ్ల నీరే మేలైన సాక్ష్యమని నా వాదన.

వినడానికి వెగటుగా ఉన్నా, హైదరాబాదులో ఈ పద్ధతి పనికొచ్చింది. 2016లో అంబర్‌పేట మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన టైప్‌-2 పోలియో వైరస్ బయటపడింది. కాలు చచ్చుబడిన బిడ్డ ఒక్కరూ లేరు. అయినా ఆ జూన్‌లోనే దాదాపు 3 లక్షల మంది పిల్లలకు టీకా సూదులు వేశారు. 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగుశుద్ధి కేంద్రాల నీటిని పరీక్షించి, 35 రోజుల వ్యవధిలో నగరంలో సుమారు 6.6 లక్షల మందికి కరోనా సోకి ఉంటుందని అంచనా కట్టారు. ఆ ఆగస్టుకు తెలంగాణ అంతటా నమోదైన కేసులు లక్షకు అటూఇటూ. ఒంట్లో నలత తెలియనివాడు పరీక్షకు రాడు, మరుగుదొడ్డికి మాత్రం వెళ్లక తప్పదు.

గణిత నమూనాలుండగా ఈ పాట్లెందుకని అడగొచ్చు. ఐఐటీ హైదరాబాద్ ఆచార్యుడు మాతుకుమల్లి విద్యాసాగర్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ, జాగ్రత్తలు పాటిస్తే 2021 ఫిబ్రవరి కల్లా కరోనా సద్దుమణుగుతుందని 2020 అక్టోబరులో చెప్పింది. ఆ ఏప్రిల్‌లోనే డెల్టా రకం వైరస్ ఊళ్లమీద పడింది. తప్పంతా గణితం మీద నెట్టలేం. వైరస్ జన్యువు మారుతోందన్న కబురు సమీకరణానికి సకాలంలో అందాలి కదా. దేశంలో జన్యుక్రమాలు చదివే ప్రయోగశాలల కూటమి ఇన్సాకాగ్ ఏర్పడిందే 2020 డిసెంబరులో.

కోనసీమ పల్లెల్లో భూగర్భ డ్రైనేజీ ఏదీ, ఎవరింటి సెప్టిక్ ట్యాంకు వారిదే కదా అన్నది గట్టి అభ్యంతరం. జనం ఒక్కచోట చేరే యాత్రాస్థలం అందుకే అక్కరకొస్తుంది. అయితే ట్యాంకు అడుగు బురదలో పాత వారాల ఆనవాళ్లన్నీ కలిసిపోతాయి. శనివారం గొట్టంలోంచి పడుతుండగానే నమూనా పట్టాలి, అదీ బ్లీచింగ్ పౌడరు చల్లకముందు. ఐసు పెట్టెలో కాకినాడకో హైదరాబాదుకో పంపాలి. భక్తులు నలుమూలల నుంచీ వస్తారు కనుక జబ్బు ఏ ఊరిదో తేలదన్నదీ నిజమే. ఏ రకం వచ్చిందో, వారం వారం పెరుగుతోందో తగ్గుతోందో తేలితే మొదటి హెచ్చరికకు చాలు. క్షేత్రానికి చెడ్డపేరొస్తుందన్న భయం ఒకటుంటుంది గానీ, వేలమందిది కలిసిన నీటిలో ఎవరి పేరూ ఉండదు.

గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. మామూలు శనివారాల లెక్క అప్పటికే చేతిలో లేకపోతే, ఆ పన్నెండు రోజుల్లో నీటిలో కనబడిన వైరస్ కొత్తగా దిగిందో, ఏడాది పొడుగునా ఇక్కడున్నదేనో పోల్చి చూడటానికి ఏమీ ఉండదు.