నిలబడితే మూడు యూరోలు, కూర్చుంటే ఆరు

ఇటలీ వాయవ్య తీరంలో, జెనోవా నుంచి చింక్వె తెర్రె ఊళ్ల దాకా, రైలు ఎక్కడ దిగినా దగ్గర్లో ఒక 'బార్' కనిపిస్తుంది. పేరు చూసి బెదరక్కర్లేదు, పొద్దున పూట అది కాఫీ కొట్టే. కౌంటరు దగ్గర నిలబడి ఒక కాపుచినో, ఒక బ్రియోష్ (తియ్యటి బన్ను) తీసుకుంటే బిల్లు ఇంచుమించు 3 యూరోలు. అవే రెండూ సముద్రం కనిపించే బల్ల దగ్గరికి తెప్పించుకుంటే 6 దాకా అవుతుంది. పర్యాటకులు కిటకిటలాడే ఊళ్లలో ఇంకా పైకే. యూరోకు వంద రూపాయలు లెక్కేసుకుంటే, ఇద్దరికి ఆ కుర్చీల ఖరీదు రోజుకు 600. వారం తిరిగితే 4,200.

పోనీ, కూర్చున్నవాళ్లకు మంచి కాఫీ ఇస్తారా అంటే అదేం లేదు. ఎస్ప్రెస్సోకు అక్కడి జాతీయ ఎస్ప్రెస్సో సంస్థ పెట్టిన కొలతలున్నాయి: 7 గ్రాముల పొడి, 88 డిగ్రీల నీళ్లు, 9 బార్ల ఒత్తిడి, 25 సెకన్లు. కప్పులో పడేది 25 మిల్లీలీటర్లు, అంటే రెండు గుక్కలు. కాపుచినోకైతే 100 మిల్లీలీటర్ల పాలను ఆవిరితో నురగెత్తించి 125 చేసి అందులో పోస్తారు.

7 గ్రాముల చొప్పున కిలో గింజలకు 140 కప్పులు వస్తాయి. బారు యజమాని కిలో 25 యూరోలకు కొన్నాడనుకుందాం. కప్పుకు పడేది 18 సెంట్లు. కౌంటరు దగ్గర ఎస్ప్రెస్సో ధర ఇటలీలో సగటున 1.20 అటూఇటూ. అందులో 10 శాతం వ్యాట్ కింద 11 సెంట్లు పోతాయి. మిగిలిన 90 సెంట్లలోనే జీతాలు, అద్దె, కరెంటు, యజమాని లాభం సర్దుకోవాలి. రేపు గింజల ధర రెట్టింపైనా కప్పు మీద పెరిగేది 18 సెంట్లే. కుర్చీ లాగి కూర్చుంటే మాత్రం అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అన్నట్టు, భారత కాఫీని అందరికంటే ఎక్కువగా కొనేది ఇటలీయే. ఎస్ప్రెస్సో మీద గోధుమరంగు నురగ నిలవాలని కలిపే రోబస్టా రకం గింజల్లో కర్ణాటకవి కూడా ఉండొచ్చు.

ఈ రెండు ధరల వెనక వందేళ్లు దాటిన కథ ఉంది. నిత్యావసరాలకు గరిష్ఠ ధర పెట్టే అధికారం 1911లో మునిసిపాలిటీలకు వచ్చింది. కాఫీ కూడా ఆ జాబితాలో చేరింది, అయితే వడ్డన లేని కాఫీ మాత్రమే. బల్ల దగ్గరికి తెచ్చిచ్చే కాఫీకి రేటు యజమాని ఇష్టం. ఆ నియంత్రణ పోయినా అలవాటు మిగిలింది. మన హోటళ్లలో ఏసీ గదికి వేరే రేటు కార్డు ఉన్నట్టే.

ధరలు అందరికీ కనబడేలా పెట్టాలన్నది అక్కడ చట్టం. 2022లో ఫ్లోరెన్స్‌లో ఒక ఎస్ప్రెస్సోకు 2 యూరోలు తీసుకున్నారని ఒకాయన ఏకంగా పోలీసుల్ని పిలిచాడు. కాఫీ కొట్టుకు 1,000 యూరోల జరిమానా పడింది. 2 యూరోలు తీసుకోవడం నేరం కాదు, ఆ ధర కౌంటరు దగ్గర రాసి పెట్టకపోవడమే తప్పు. కాబట్టి లోపలికి వెళ్లగానే గోడ మీద రేట్ల పట్టీ చూడండి. 'బాంకో' అంటే నిలబడితే, 'తావోలో' అంటే కూర్చుంటే. బాంకో ధర కట్టి కప్పు పట్టుకెళ్లి బల్ల దగ్గర కూర్చోవడం కుదరదు. స్టేషన్లలో చాలాచోట్ల ముందు డబ్బు కట్టి, ఆ రసీదు కౌంటరులో చూపించాలి.

నన్నడిగితే ఒకరోజు ఆ 6 యూరోలూ ఇచ్చి సముద్రం ముందు తీరిగ్గా కూర్చోవాలి. పార్కు చేసిన స్కూటర్లు చూడటానికి మాత్రం ఆ రేటు దండగ.

మిగతా రోజులకు ఫొకాచ్చా అనే రొట్టె ఉంది. జెనోవా బేకరీల్లో పెద్ద పెద్ద పళ్లేల నిండా కాలుస్తారు. పిండిని వేళ్లతో గుంటలు పడేలా నొక్కి, ఉప్పునీళ్లు, ఆలివ్ నూనె పోస్తారు. కాలాక గుంటల్లో తెల్లగా, మెత్తగా, నూనె ఊరుతూ ఉంటుంది, గట్లు మాత్రం ఎర్రగా కరకరలాడతాయి. అమ్మేది తూకానికి: 'ఎత్తో' అంటే 100 గ్రాములు. కిలో 14 యూరోలని రాసి ఉంటే 150 గ్రాముల ముక్క 2.10. జెనోవా వాళ్లు దీన్ని కాపుచినోలో ముంచుకుని తింటారు, అదీ ఉప్పు ఉన్న వైపు కిందికి తిప్పి. ఉప్పూ నూనే కాఫీలోనా అని మొహం చిట్లించేవాళ్లు ఉంటారు. ఒక్క ముక్క ముంచి చూశాక మాట్లాడాలి.

శాకాహారులు ఒక్క సంగతి అడిగి తెలుసుకోవాలి. బ్రియోష్‌లో గుడ్డు, వెన్న సాధారణం. ఫొకాచ్చాలో ఆ రెండూ ఉండవు కానీ, కొన్ని బేకరీలు పిండిలో పంది కొవ్వు కలుపుతాయి. దాని పేరు 'స్ట్రుత్తో'. 'చె లో స్ట్రుత్తో?' అని అడిగితే ఉందో లేదో చెప్పేస్తారు.